రిటైర్మెంట్ వీసా డిపాజిట్

రిటైర్మెంట్ వీసా డిపాజిట్ అనగా, ఉద్యోగ వ్యాపారాల నుండి విరమించిన వ్యక్తి మరొక దేశంలో దీర్ఘకాలం నివసించడానికి అనుమతి కోరినపుడు, ఆ దేశపు నియమాల ప్రకారం బ్యాంకులో చూపవలసిన లేదా నిలిపి ఉంచవలసిన సొమ్ము. దీనిని పదవీ విరమణ వీసా డిపాజిట్ అని కూడా అంటారు. ఇది వీసా రుసుము కాదు, ప్రభుత్వానికి చెల్లించే పన్ను కూడా కాదు. సొమ్ము దరఖాస్తుదారు పేరుననే ఉంటుంది. అయితే నిర్ణీత గడువు వరకు దానిని ఖర్చు చేయడానికి వీలుండదు. సొంతదే అయినా అవసరానికి తీసుకోలేని సొమ్ము కావడం ఈ డిపాజిట్ ప్రధాన లక్షణం. వృద్ధాప్యం కోసం కూడబెట్టిన మొత్తాన్ని దీనికి కేటాయించేవారు మొదట గ్రహించవలసిన విషయమిదే.

భారతదేశం నుండి వెళ్ళేవారు రెండు దేశాల నియమాలను పాటించవలసి ఉంటుంది. ఎంత సొమ్ము, ఎంతకాలం, ఎక్కడ ఉంచాలన్నది వెళ్ళే దేశం నిర్ణయిస్తుంది. ఆ సొమ్మును దేశం దాటించే పద్ధతిని భారతీయ రిజర్వు బ్యాంకు, ఆదాయపు పన్ను శాఖల నియమాలు నిర్ణయిస్తాయి.

ఉద్దేశం

రిటైర్మెంట్ వీసాపై వచ్చినవారికి సాధారణంగా ఆ దేశంలో ఉద్యోగం చేసే హక్కు ఉండదు. అందుచేత వారి పోషణ, వైద్యం తమ ఖజానాకు భారం కాకూడదని ఆయా ప్రభుత్వాలు హామీ కోరతాయి. ఈ హామీ మూడు విధాలుగా ఉంటుంది.

* నిల్వ పద్ధతి: నిర్ణీత మొత్తాన్ని బ్యాంకులో ఉంచడం. ఉదాహరణ: థాయిలాండ్, మలేషియా, ఫిలిప్పీన్స్.
* ఆదాయ పద్ధతి: నెలనెలా పింఛను లేదా ఇతర ఆదాయం వస్తున్నట్లు చూపడం. ఉదాహరణ: స్పెయిన్, పోర్చుగల్.
* మిశ్రమ పద్ధతి: నిల్వ, ఆదాయం, స్థిరాస్తి కలిపి లెక్కించడం. ఉదాహరణ: ఐక్య అరబ్ ఎమిరేట్స్, న్యూజీలాండ్.

చరిత్ర

ఫిలిప్పీన్స్ ప్రభుత్వం 1985లో ప్రత్యేకంగా ఒక రిటైర్మెంట్ సంస్థను నెలకొల్పి, డిపాజిట్ ఆధారంగా విదేశీయులకు నివాసానుమతి ఇవ్వసాగింది. మలేషియా 1996లో 'సిల్వర్ హెయిర్' పేరున ఒక పథకాన్ని ప్రారంభించి, 2002లో దానిని 'మలేషియా మై సెకండ్ హోమ్' పథకంగా మార్చింది. దుబాయి 2020లో 55 ఏళ్ళు నిండినవారి కొరకు ఐదేళ్ళ వీసాను ప్రవేశపెట్టింది.

కొన్ని దేశాలు ఇటువంటి వీసాలను రద్దు చేశాయి. స్వంత ఆదాయం గల విశ్రాంత వ్యక్తుల వీసాను బ్రిటన్ 2008లో, పెట్టుబడిదారుల రిటైర్మెంట్ వీసాను ఆస్ట్రేలియా 2018లో కొత్తవారికి నిలిపివేశాయి. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో రిటైర్మెంట్ వీసా అనే తరగతి లేదు. అక్కడ స్థిరపడిన తెలుగువారి తల్లిదండ్రులు సందర్శక వీసాపై గానీ, పౌరసత్వం పొందిన సంతానం ద్వారా వచ్చే శాశ్వత నివాసానుమతిపై గానీ వెళ్తుంటారు. వీటిలో దేనికీ ఆ దేశపు బ్యాంకులో డిపాజిట్ ఉంచనవసరం లేదు.

భారతదేశంలో నివసించే వ్యక్తి విదేశీ బ్యాంకులో ఖాతా తెరిచి సొమ్ము ఉంచడం 1973 నాటి విదేశీ మారక ద్రవ్య నియంత్రణ చట్టం (ఫెరా) కాలంలో సామాన్యులకు దాదాపు అసాధ్యం. దాని స్థానంలో వచ్చిన విదేశీ మారక ద్రవ్య నిర్వహణ చట్టం (ఫెమా) 2000 జూన్ 1 నుండి అమలులోకి వచ్చినది. 2004 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు లిబరలైజ్డ్ రెమిటెన్స్ స్కీమ్‌ను ప్రకటించడంతో వ్యక్తులకు ఈ మార్గం తెరుచుకున్నది.

వివిధ దేశాల నియమాలు

థాయిలాండ్: 50 ఏళ్ళు నిండినవారు అర్హులు. ఆ దేశంలో ఉంటూ ఏడాదికొకసారి నివాసాన్ని పొడిగించుకునేవారు థాయి బ్యాంకులో 8,00,000 బాత్‌లు నిల్వ చూపాలి, లేదా నెలకు 65,000 బాత్‌ల ఆదాయం చూపాలి, లేదా నిల్వ, వార్షికాదాయం కలిపి 8,00,000 బాత్‌లు కావాలి. 2019లో వచ్చిన మార్పు ప్రకారం నిల్వ పద్ధతిని ఎంచుకున్నవారి సొమ్ము దరఖాస్తుకు రెండు నెలల ముందు నుండి ఖాతాలో ఉండాలి. అనుమతి వచ్చిన తరువాత మూడు నెలలు కదల్చరాదు. ఆ పిమ్మట కూడా నిల్వ 4,00,000 బాత్‌లకు తగ్గరాదు. మరుసటి దరఖాస్తుకు రెండు నెలల ముందు తిరిగి 8,00,000కు చేర్చాలి. అంటే సంవత్సరంలో సుమారు ఐదు నెలలు పూర్తి మొత్తం, మిగిలిన ఏడు నెలలు సగం మొత్తం ఖాతాలో ఉండితీరాలి. స్వదేశంలోనే దరఖాస్తు చేసుకునే 'ఓ-ఏ' తరగతి వీసాకు స్వదేశపు బ్యాంకు నిల్వను చూపవచ్చును, కానీ ఆరోగ్య బీమా తప్పనిసరి. పదేళ్ళ 'ఓ-ఎక్స్' వీసా 14 దేశాల పౌరులకు మాత్రమే ఉద్దేశించినది. అందులో భారతదేశం లేదు.

మలేషియా: 2021కి ముందు 50 ఏళ్ళు దాటినవారు 1,50,000 రింగిట్‌లు ఫిక్స్‌డ్ డిపాజిట్ చేస్తే సరిపోయేది. 2021లో దానిని 10 లక్షల రింగిట్‌లకు పెంచారు. 2024లో పథకాన్ని మరల సవరించి సిల్వర్, గోల్డ్, ప్లాటినం తరగతులుగా విభజించి, వరుసగా 1,50,000, 5,00,000, 10,00,000 అమెరికన్ డాలర్ల డిపాజిట్ నిర్ణయించారు. దీనికి తోడు ఇల్లు కొనడం కూడా తప్పనిసరి అయినది. డిపాజిట్‌లో సగం వరకు ఏడాది తరువాత ఇంటి కొనుగోలు, వైద్యం వంటి అవసరాలకు తీసుకోవచ్చును. మలేషియాలో తోటల పనికి వలస వెళ్ళిన తెలుగువారి సంతతి ఎప్పటి నుండో ఉన్నది. వారు ఆ దేశ పౌరులు కనుక ఈ పథకంతో వారికి సంబంధం లేదు.

ఫిలిప్పీన్స్: చాలాకాలం పాటు 50 ఏళ్ళు దాటి పింఛను ఉన్నవారికి 10,000 డాలర్లు, పింఛను లేనివారికి 20,000 డాలర్లు డిపాజిట్‌గా ఉండేది. 2025 సెప్టెంబరులో నియమాలు సవరించి డిపాజిట్లు పెంచారు. వీసాను వదులుకున్నపుడు డిపాజిట్ తిరిగి ఇస్తారు.

దుబాయి: 10 లక్షల దిర్హమ్‌ల నిల్వ, లేదా అంతే విలువ గల స్థిరాస్తి, లేదా నిర్ణీత నెలసరి ఆదాయం చూపాలి. నిల్వ పద్ధతిలో ఆ సొమ్మును మూడేళ్ళ ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంచాలి. గల్ఫ్‌లో పనిచేసే తెలుగువారిలో అత్యధికులు తమ సంపాదనను ఎప్పటికప్పుడు స్వగ్రామానికి పంపివేస్తారు. ఉద్యోగంతో పాటే వారి నివాసానుమతి కూడా ముగుస్తుంది. కనుక ఈ వీసా ఆ దేశంలోనే పెద్ద మొత్తం మిగుల్చుకోగలిగిన కొద్దిమందికే అందుబాటులో ఉన్నది.

న్యూజీలాండ్: 66 ఏళ్ళు నిండినవారికి రెండేళ్ళ తాత్కాలిక వీసా ఉన్నది. దీనికి 7,50,000 న్యూజీలాండ్ డాలర్ల పెట్టుబడి, పోషణకు 5,00,000 డాలర్లు, సంవత్సరానికి 60,000 డాలర్ల ఆదాయం చూపాలి. అక్కడ స్థిరపడిన సంతానం గలవారికి 10 లక్షల డాలర్ల పెట్టుబడితో మరొక తరగతి ఉన్నది.

భారతదేశ నియమాలు

లిబరలైజ్డ్ రెమిటెన్స్ స్కీమ్‌ను సంక్షిప్తంగా ఎల్ఆర్ఎస్ అంటారు. తెలుగు రాష్ట్రాలలో ఎక్కువగా వినిపించే లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకానికి కూడా ఇదే సంక్షిప్త నామం. రెండింటికీ ఎటువంటి సంబంధం లేదు.

ఈ పథకం ప్రారంభంలో ఒక వ్యక్తి ఏడాదికి 25,000 డాలర్లు పంపుకోవచ్చును. క్రమంగా పెరిగిన ఈ పరిమితిని రూపాయి విలువ పడిపోయిన 2013లో 75,000 డాలర్లకు తగ్గించారు. 2015 నుండి ఇది ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్లు. మలేషియా గోల్డ్ తరగతి డిపాజిట్ దీనికి రెట్టింపు ఉండడం గమనార్హం. పథకంలోని ముఖ్య నియమాలు ఇవి.

* పాన్ తప్పనిసరి. విదేశీ మారకానికి అధికారం పొందిన బ్యాంకు ద్వారానే, ఏ-2 ఫారం నింపి సొమ్ము పంపాలి.
* విదేశంలో ఖాతా తెరవడం, పెట్టుబడి పెట్టడం వంటి వాటికి పంపేవారికి ఆ బ్యాంకులో కనీసం ఏడాదిగా ఖాతా ఉండాలి. కొత్త ఖాతాదారులైతే బ్యాంకు పాత బ్యాంకు స్టేట్‌మెంట్లు లేదా ఆదాయపు పన్ను పత్రాలు కోరుతుంది.
* ఇటువంటి పెట్టుబడి చెల్లింపులకు బ్యాంకులు అప్పు ఇవ్వరాదు. అనగా బ్యాంకు ఋణంతో వీసా డిపాజిట్ కట్టడానికి వీలులేదు.
* కుటుంబ సభ్యులు తమ తమ పరిమితులను కలుపుకోవచ్చును. కానీ విదేశీ ఖాతాలో సహ ఖాతాదారులు కానివారు ఆ ఖాతా కొరకు తమ పరిమితిని జోడించడానికి వీలులేదు.
* విదేశంలో స్థిరపడబోయేవారు ఆ దేశం నిర్దేశించిన మొత్తాన్ని లేదా 2,50,000 డాలర్లను తీసుకోవచ్చును. ఈ పరిమితిని మించిన సొమ్మును అక్కడి అనుబంధ ఖర్చులకే అనుమతిస్తారు. బాండ్లు, భూమి, వ్యాపారాలలో పెట్టుబడి ద్వారా వలస అర్హత సంపాదించడానికి అనుమతించరు.
* 2022 ఆగస్టు నుండి అమలులో ఉన్న నిబంధనల మేరకు, పంపిన సొమ్మును ఖర్చు చేయక, పెట్టుబడి పెట్టక ఊరకనే ఉంచితే 180 రోజులలో తిరిగి స్వదేశానికి తేవాలి. సంవత్సరాల తరబడి నిల్వ ఉంచవలసిన వీసా డిపాజిట్ విషయంలో ఈ నియమం ఎట్లు వర్తిస్తుందో సొమ్ము పంపడానికి ముందే బ్యాంకు నుండి వ్రాతపూర్వకంగా తెలుసుకోవడం అవసరం.

పన్ను: 2025 ఏప్రిల్ 1 నుండి ఆర్థిక సంవత్సరంలో 10 లక్షల రూపాయలు దాటిన మొత్తంపై బ్యాంకు మూలం వద్ద పన్ను (టీసీఎస్) వసూలు చేస్తుంది. అంతకుముందు ఈ హద్దు 7 లక్షలు. చదువు, వైద్యం వంటి వాటికి తక్కువ రేటు ఉన్నా, వీసా డిపాజిట్ వంటి ఇతర చెల్లింపులకు రేటు 20 శాతం. ఇది అదనపు పన్ను కాదు. రిటర్ను దాఖలు చేసినపుడు చెల్లించవలసిన పన్నులో సర్దుబాటు చేసుకోవచ్చును, లేదా తిరిగి పొందవచ్చును. అయితే అంతవరకు ఆ సొమ్ము చేతిలో ఉండదు. భారతదేశ పన్ను చట్టం ప్రకారం సాధారణ నివాసిగా ఉన్నంతకాలం విదేశీ ఖాతా వివరాలను రిటర్నులో తెలియజేయాలి.

నివాస స్థితి: విదేశంలో నిరవధికంగా ఉండే ఉద్దేశంతో వెళ్ళినవారు ఫెమా ప్రకారం ప్రవాసులవుతారు. అప్పుడు స్వదేశంలోని పొదుపు ఖాతాలను ఎన్ఆర్ఓ ఖాతాలుగా మార్చుకోవాలి. ఎల్ఆర్ఎస్ వారికి వర్తించదు. దానికి బదులు ఎన్ఆర్ఓ ఖాతా నుండి, పన్నులు చెల్లించిన పిదప, ఆర్థిక సంవత్సరానికి 10 లక్షల డాలర్ల వరకు పంపుకోవచ్చును. స్వదేశపు పింఛను ఆగిపోదు, కాని ఏటా జీవన ధ్రువపత్రం సమర్పించాలి.

గ్రామీణ ప్రాంతం నుండి: సి.బెళగల్ ఉదాహరణ

నగరవాసుల సొమ్ము సాధారణంగా జీతం, షేర్లు, ఇళ్ళ రూపంలో ఉండి బ్యాంకు పత్రాలలో కనిపిస్తుంది. గ్రామీణుల ఆస్తి ఎక్కువగా భూమి. కనుక సొమ్ము ఎక్కడిదన్న ప్రశ్నకు సమాధానం చెప్పే పత్రాలు వేరుగా ఉంటాయి. కర్నూలు జిల్లాలో, తుంగభద్రకు దక్షిణాన ఉన్న సి.బెళగల్ మండలాన్ని ఇందుకు ఉదాహరణగా తీసుకోవచ్చును.

గ్రామీణ వ్యవసాయ భూమిని ఆదాయపు పన్ను చట్టం మూలధన ఆస్తిగా పరిగణించదు. కాబట్టి దాని అమ్మకంపై వచ్చిన లాభానికి మూలధన లాభాల పన్ను లేదు. భూమి గ్రామీణమా, కాదా అన్నది సమీప పట్టణ జనాభాను, ఆ పట్టణ సరిహద్దు నుండి తిన్నగా కొలిచిన దూరాన్ని బట్టి తేలుతుంది. పది వేల నుండి లక్ష లోపు జనాభా గల పట్టణానికి 2 కిలోమీటర్లు, లక్ష నుండి పది లక్షల వరకు 6 కిలోమీటర్లు, అంతకు మించితే 8 కిలోమీటర్లు హద్దు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఎమ్మిగనూరు జనాభా లక్షకు లోపు, ఆదోని జనాభా లక్షకు పైబడి ఉన్నది. అందుచేత ఎమ్మిగనూరు చుట్టూ 2 కిలోమీటర్లు, ఆదోని చుట్టూ 6 కిలోమీటర్లు దాటిన పొలాలు గ్రామీణ భూములవుతాయి. సి.బెళగల్ గ్రామం ఈ రెండు హద్దులకూ వెలుపల ఉన్నది. పొరుగున ఉన్న గూడూరు నగర పంచాయతీకి ఆనుకొని ఉన్న పొలాల విషయంలో మాత్రం దూరం సరిచూసుకోవాలి.

పన్ను లేకపోవడం లాభమే అయినా, దానివలన ఒక చిక్కు ఉన్నది. పన్ను కట్టిన దాఖలా లేనందున సొమ్ము ఎక్కడిదో చూపడానికి అమ్మకపు దస్తావేజు, పట్టాదారు పాసు పుస్తకం, 1-బి, అడంగల్, సొమ్ము జమ అయిన బ్యాంకు పాసు పుస్తకం మాత్రమే ఆధారాలు. స్థిరాస్తి అమ్మకంలో 20,000 రూపాయలు, ఆపైన నగదుగా తీసుకోవడాన్ని 2015 జూన్ 1 నుండి నిషేధించారు. దస్తావేజులో తక్కువ ధర వ్రాయించి మిగిలినది నగదుగా తీసుకుంటే, ఆ మిగిలిన సొమ్ము విదేశీ డిపాజిట్‌కు పనికిరాదు. గ్రామీణ శాఖలన్నీ విదేశీ మారక వ్యవహారాలను స్వయంగా నిర్వహించవు కనుక, దరఖాస్తు పట్టణంలోని మరొక శాఖకు వెళ్ళవలసి రావచ్చును. అందుకు పట్టే కాలాన్ని కూడా లెక్కలో ఉంచుకోవాలి.

లెక్క: ఈ మండలానికి చెందిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు పొలం అమ్మిన సొమ్ముతో థాయిలాండ్ డిపాజిట్ కట్టదలచారని అనుకుందాం. సులువు కొరకు బాత్ విలువను 3 రూపాయలుగా తీసుకుంటే 8,00,000 బాత్‌లకు 24 లక్షల రూపాయలు కావాలి. మొత్తం ఒకే ఆర్థిక సంవత్సరంలో పంపితే 10 లక్షలు పోను మిగిలిన 14 లక్షలపై 20 శాతం చొప్పున 2,80,000 రూపాయలు టీసీఎస్‌గా పోతుంది. మార్చిలో 12 లక్షలు, ఏప్రిల్‌లో 12 లక్షలు పంపితే రెండు సంవత్సరాలకు కలిపి 80,000 రూపాయలే అవుతుంది. అయితే థాయి నియమంలోని రెండు నెలల గడువు పూర్తి మొత్తం చేరిన రోజు నుండి, అనగా ఏప్రిల్ నుండి మొదలవుతుంది. అనుమతి వచ్చి మూడు నెలలు గడిచిన తరువాత కూడా 12 లక్షల రూపాయలకు సమానమైన సొమ్ము కదలకుండా ఉండాలి.

అరువు నిల్వలు

విద్యార్థి వీసాల కారణంగా బ్యాంకు బ్యాలెన్సు చూపడమనేది తెలుగు రాష్ట్రాలలో సుపరిచితమైన విషయం. కొందరు మధ్యవర్తులు కమీషను తీసుకొని కొద్దిరోజుల కొరకు ఖాతాలో సొమ్ము వేయించడం కూడా తెలిసినదే. రిటైర్మెంట్ వీసాలో ఈ పద్ధతి చెల్లదు. ఇక్కడ ఒకనాటి నిల్వను కాక నెలల తరబడి నిల్వను పరిశీలిస్తారు, ప్రతి పొడిగింపునకూ తిరిగి చూస్తారు. తప్పుడు పత్రాలు బయటపడితే వీసా రద్దు కావడం, ఆ దేశ ప్రవేశం నిషేధించబడడం జరుగవచ్చును. ఇల్లూ పొలమూ అమ్ముకొని వెళ్ళిన వృద్ధ దంపతులకు ఆ స్థితిలో తిరిగి వచ్చి నిలువనీడ వెదుక్కోవడం కష్టం.

డిపాజిట్ భద్రత, పరిమితులు

* బీమా: థాయిలాండ్‌లో 2021 ఆగస్టు నుండి బ్యాంకు డిపాజిట్లకు ఒక్కొక్క బ్యాంకులో 10 లక్షల బాత్‌ల వరకు రక్షణ ఉన్నది. మలేషియాలో రక్షణ 2,50,000 రింగిట్‌ల వరకు మాత్రమే. అక్కడి వీసా డిపాజిట్ దీనిని మించిపోతుంది. భారతదేశంలో ఈ రక్షణ 5 లక్షల రూపాయలు.
* మారకపు విలువ: డిపాజిట్ విదేశీ ద్రవ్యంలో, పింఛను రూపాయలలో ఉంటుంది. రూపాయి బలహీనపడితే ప్రతి ఏటా నిల్వను పూరించడానికి ఎక్కువ రూపాయలు కావాలి.
* వైద్యం: కదల్చరాని నిల్వను ఆసుపత్రి ఖర్చుకు వాడితే, ప్రాణం నిలిచినా వీసా నిలువదు. కనుక డిపాజిట్‌కు వెలుపల వేరొక నిధి లేదా చాలినంత ఆరోగ్య బీమా ఉండాలి.
* మరణం: ఒకరి పేరుననే ఉన్న ఖాతాలోని సొమ్ము భార్యకు లేదా భర్తకు వెంటనే అందకపోవచ్చును. ఆ దేశపు వారసత్వ చట్టం ప్రకారం న్యాయస్థానానికి వెళ్ళవలసి రావచ్చును. అక్కడ చెల్లే వీలునామా ముందుగానే వ్రాసి ఉంచుకోవడం మేలు.
* పన్ను: థాయిలాండ్‌లో ఏడాదికి 180 రోజులు, ఆపైన ఉన్నవారు విదేశంలో ఆర్జించి ఆ దేశంలోకి తెచ్చుకున్న ఆదాయంపై పన్ను నియమాలు 2024 జనవరి 1 నుండి కఠినతరమైనవి.
* నియమాల మార్పు: మలేషియా మూడేళ్ళలో రెండుసార్లు నియమాలు మార్చినది. వెళ్ళేనాటి మొత్తమే చివరివరకు ఉంటుందన్న హామీ లేదు.

ఈ కారణాల వలన, డిపాజిట్ కట్టిన తరువాత మిగిలే సొమ్ముతో జీవనం, వైద్యం, అవసరమైతే తిరుగు ప్రయాణం సాగుతాయా అన్నదే అర్హతకు అసలైన కొలత. డిపాజిట్‌కే ఉన్నదంతా సరిపోయేవారికి వీసా లభించవచ్చును గాని, దానిని నిలుపుకోవడం కష్టమవుతుంది.

ఇవి కూడా చూడండి

* భారతీయ రిజర్వు బ్యాంకు
* విదేశీ మారక ద్రవ్య నిర్వహణ చట్టం
* వీసా
* ప్రవాస భారతీయులు
* సి.బెళగల్ మండలం